ఒకే విషం వెంట ముప్పై ఏడేళ్లు

"బ్యాక్టీరియా మనిషికి జబ్బు ఎలా తెస్తుందో తేల్చే పని చేస్తాను, బయోకెమిస్ట్రీలో పీహెచ్‌డీకి వెళ్తాను" అని పిల్లలు అన్నప్పుడు మన ఇళ్లలో ముందు వచ్చే మాట, "అదేం, మెడిసిన్ సీటు రాదా?" ఆ తర్వాత, "ఎన్నేళ్లు పడుతుంది?" మొదటి మాట మానుకోవాలి. రెండోది మాత్రం అడగాల్సిన ప్రశ్నే. దానికి తగిన జవాబు ఆల్విన్ పాపెన్‌హైమర్ పనిలో దొరుకుతుంది.

ఈయన 1908లో పుట్టిన అమెరికన్. హార్వర్డ్‌లో రసాయన శాస్త్రంలో డాక్టరేటు చేశారు. 1930లలో మసాచుసెట్స్ రాష్ట్ర యాంటీటాక్సిన్ (విషానికి విరుగుడు మందు) లాబొరేటరీలో చేరి కంఠసర్పి విషం మీద పని మొదలుపెట్టారు. కంఠసర్పి అంటే డిఫ్తీరియా. పసిపిల్లల గొంతులో బూడిదరంగు పొర కట్టి ఊపిరి ఆడనివ్వని జబ్బు. గొంతులోనే ఉండిపోయే ఆ బ్యాక్టీరియా గుండెను ఎలా దెబ్బతీస్తుందన్న ప్రశ్నకు 1888లో పారిస్ శాస్త్రవేత్తలు రూ, యెర్సిన్ సగం జవాబు చెప్పారు: బ్యాక్టీరియాను వడకట్టేసిన ద్రవం కూడా జంతువులను చంపుతుంది, అంటే చంపేది అది వదిలే విషం. ఆ విషం ఏమిటి, కణంలో ఏం చేస్తుంది అన్న మిగతా సగం తేలడానికి ఎనభై ఏళ్లు పట్టింది.

అప్పట్లో విషం తయారీ ఇలా ఉండేది. పెప్టోన్ (అరిగించిన మాంసపు ప్రోటీన్) పులుసులో పార్క్-విలియమ్స్ 8 అనే రకం బ్యాక్టీరియాను వేసి, కదపకుండా కొన్ని రోజులు వెచ్చగా ఉంచితే పాల మీద మీగడలా బ్యాక్టీరియా పొర కడుతుంది. కింది ద్రవంలో విషం చేరుతుంది. చిక్కేమిటంటే, ఒక బ్యాచ్‌లో విషం దండిగా వచ్చేది, అదే వంటకంతో చేసిన మరో బ్యాచ్‌లో దాదాపు ఉండేది కాదు. 1936లో పాపెన్‌హైమర్ బృందం కారణం పట్టుకుంది: ఇనుము. లీటరుకు మిల్లీగ్రాములో పదో వంతు అటూఇటూ ఉంటే విషం బాగా వస్తుంది. ఒక మిల్లీగ్రాము దాకా పెరిగితే బ్యాక్టీరియా ఏపుగా పెరుగుతుంది గానీ విషం రాదు. పెప్టోన్‌లోనో, నీళ్లలోనో, పాత్రకు అంటుకునో వచ్చే ఆ కాస్త ఇనుమే తేడా తెచ్చిపెడుతోంది. విరుగుడు కూడా సులువైనదే. పులుసులో ఫాస్ఫేట్ ఉండగా కాల్షియం క్లోరైడ్ వేసి వేడిచేస్తే తెల్లటి మడ్డి దిగుతుంది, ఇనుము దానితోపాటు పోతుంది. వడకట్టి వాడుకోవడమే. ఇనుము ఉన్నంతసేపు విషం జన్యువును మూసి ఉంచే ప్రోటీన్ ఒకటి ఉందని చాలాకాలం తర్వాత తెలిసింది. మన ఒంట్లో విడి ఇనుము బహు కొద్ది కాబట్టి, గొంతులో చేరిన బ్యాక్టీరియా విషం తీయడం మొదలుపెడుతుంది.

ఆ మరుసటి ఏడాదే ఆయన విషాన్ని శుద్ధి చేసి అది ప్రోటీన్ అని చూపించారు. తర్వాత చాలాకాలం తప్పుదారిలో నడిచారు. నేను ఈ ఉదాహరణ ఎంచుకున్నది ముఖ్యంగా ఇందుకే. ఇనుము తగ్గితే విషంతోపాటు పార్ఫిరిన్ కూడా బయటికి వస్తుంది. ఇనుమును పట్టుకునే రంగు పదార్థం ఇది, కణం శ్వాసక్రియ నడిపే సైటోక్రోమ్ ప్రోటీన్లలో ఉంటుంది. అందుచేత ఈ విషం బ్యాక్టీరియా తాలూకు సైటోక్రోమ్‌లోని ప్రోటీన్ భాగమేననీ, అది కణం శ్వాసక్రియకు అడ్డుపడుతుందనీ ఊహించారు. 1952లో సెక్రోపియా పట్టుపురుగుల మీద ప్రయోగాలు చేస్తే, నిద్రావస్థలో ఉన్న ప్యూపాలు (గూటిలోని పురుగులు) విషానికి చాలా ఆలస్యంగా లొంగాయి. వాటిలో సైటోక్రోమ్‌లు తక్కువ కనుక ఊహ నిజమేననిపించింది. కానీ తప్పు. పదేళ్లకు పైగా మోసిన ఊహను వదులుకోవడం ప్రయోగం చేయడం కంటే కష్టం. ఆయన వదులుకున్నారు.

1959లో ఇతరులు చేసిన ప్రయోగాల్లో, విషం తగిలిన మానవ కణాల్లో ప్రోటీన్ తయారీ ఆగిపోతున్నట్టు కనబడింది. 1958లో హార్వర్డ్‌కు వచ్చిన పాపెన్‌హైమర్ దగ్గర జాన్ కోలియర్ విద్యార్థిగా చేరి ఆ దారి పట్టారు. కణాలను నలగ్గొట్టి తీసిన రసంలో విషం వేస్తే ప్రోటీన్ తయారీ ఆగింది. అదే రసంలోంచి చిన్న అణువులను తీసేసి విషం వేస్తే ఏమీ కాలేదు. "ప్రయోగం పాడైంది" అని పారబోయడానికి వీలున్న ఫలితం అది. వాళ్లు మాత్రం పోయిన చిన్న అణువు ఏదో వెతికారు. అది కణాల్లో సహజంగా ఉండే ఎన్‌ఏడీ అని 1964లో ప్రకటించారు. ఆ దశాబ్దం ముగిసేలోగా లెక్క పూర్తయింది: విషం ఓ ఎంజైమ్, ఎన్‌ఏడీలోని ముక్కను తెచ్చి కణంలో ప్రోటీన్లు తయారుచేసే యంత్రమైన రైబోజోమ్ పనికి అవసరమైన ఈఎఫ్-2 ప్రోటీన్‌కు అతికిస్తుంది. అంతటితో ఆ ఈఎఫ్-2 పని ముగిసినట్టే. ఎంజైమ్ అరిగిపోదు, ఒకదాని తర్వాత ఒకటి అతికిస్తూ పోతుంది. అందుకే మనిషి కిలో బరువుకు సుమారు 0.1 మైక్రోగ్రాము చాలు, ప్రాణం తీయడానికి.

లాబ్‌లో ఇంకో తిరకాసు. శ్రద్ధగా శుద్ధి చేసిన విషం పరీక్షనాళికలో పనిచేయదు! కాస్త నాసిగా చేసింది పనిచేస్తుంది. ఈ అణువు ఒకే గొలుసు, అణుభారం 58,000. ఒకచోట కోత పడి, రెండు ముక్కలను పట్టి ఉంచిన గంధకపు బంధం విడితేనే ఎంజైమ్ ముక్క బయటపడుతుంది. కోత పడిందో లేదో, ప్రోటీన్లను సైజు ప్రకారం గీతలుగా విడదీసే జెల్ మీద చూడాలి. గంధకపు బంధాన్ని విడగొట్టే మెర్‌కాప్టోఇథనాల్ లేకుండా నడిపితే కోత పడినదీ పడనిదీ ఒకే గీత. అది వేసి నడిపితే కోత పడినది 21,000 దగ్గర ఒకటి, 37,000 దగ్గర ఒకటిగా విడిపోతుంది. అది వేయకుండా జెల్ నడిపి, విషం అంతా చెక్కుచెదరలేదని నమ్మిన విద్యార్థి నెలల తరబడి అర్థంకాని ఫలితాలతో కుస్తీ పడతాడు.

1970ల మొదట్లో ఉచిదా, పాపెన్‌హైమర్ విషం జన్యువును మోసే, బ్యాక్టీరియాకు సోకే ఫేజ్ వైరస్‌లో మార్పులు పుట్టించి, విషగుణం పోయినా యాంటీసీరం (విషాన్ని పట్టే యాంటీబాడీలున్న రక్తరసం) గుర్తుపట్టే విషపు రకాలు తీశారు. వాటిలో 1973లో ప్రకటించినది సీఆర్‌ఎం197. ప్రోటీన్ గొలుసులో 52వ స్థానంలో గ్లైసీన్ బదులు గ్లుటామిక్ ఆమ్లం చేరింది, అంతే తేడా. ఈ రకం టీకాల్లో పనికొచ్చింది. రెండేళ్లలోపు పిల్లలకు బ్యాక్టీరియా పైపొరలోని చక్కెరను మాత్రమే టీకాగా ఇస్తే సరైన రక్షణ పుట్టదు. ఆ చక్కెరను ఇలాంటి ప్రోటీన్‌కు జోడిస్తే పుడుతుంది. అమెరికాలో మన పిల్లలకు రెండో నెలలో వేసే ప్రెవ్‌నార్ (న్యుమోనియా తెచ్చే న్యుమోకాకస్‌కు) టీకాలో ఉన్నది సీఆర్‌ఎం197. హైదరాబాద్‌లో బయలాజికల్ ఈ తయారుచేసే టైఫాయిడ్ టీకాలోనూ అదే. నల్లకుంట కోరంటి దవాఖానాలో కంఠసర్పి పిల్లలను చూసిన డాక్టర్లున్న ఊళ్లోనే ఆ విషం రూపం మార్చుకుని టైఫాయిడ్‌కు అడ్డుకట్ట వేస్తోంది. 1936 నుంచి 1973 దాకా ముప్పై ఏడేళ్లు. పాపెన్‌హైమర్ మొదలుపెట్టింది టీకా కోసం కాదు, బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ తేడా ఎందుకని.

ఇక తల్లిదండ్రులకు పనికొచ్చే మాట. అమెరికాలో బయోసైన్స్ పీహెచ్‌డీకి సాధారణంగా ఫీజు కట్టనక్కర్లేదు, బతకడానికి స్టైపెండ్ ఇస్తారు. చేతి డబ్బు ఎక్కువగా పోయేది మాస్టర్స్‌కే. పీహెచ్‌డీ ఐదారేళ్లు, ఆ తర్వాత ఇంకో లాబ్‌లో చేసే పరిశోధన (పోస్ట్‌డాక్) మూడు నాలుగేళ్లు. ప్రొఫెసర్లయ్యేవాళ్లు కొందరే, మిగిలినవాళ్లకు టీకా కంపెనీలు, నాణ్యత పరీక్షలు, మందుల అనుమతుల విభాగాలు ఉన్నాయి. లాబ్ ఎంచుకునేటప్పుడు ప్రొఫెసర్ పేరు కంటే ముందు అడగాల్సినవి వేరే ఉన్నాయి: గత ఐదుగురు విద్యార్థులు ఎన్నేళ్లకు బయటపడ్డారు, ఇప్పుడెక్కడున్నారు, గ్రాంటు ఎప్పటిదాకా ఉంది, ఫలితం రానప్పుడు పక్కన కూర్చుని జెల్ చూసేదెవరు.

అమెరికాలోని మన తెలుగు సంఘాలు ఏటా మెడల్స్‌కూ శాలువాలకూ పెట్టే ఖర్చులో కొంత తీసి, డిగ్రీ చదివే ఇద్దరు పిల్లలకు వేసవిలో పది వారాలు లాబ్‌లో పనిచేయడానికి భత్యం ఇవ్వాలి. పది వారాలకు తగ్గించవద్దు. మొదటి మూడు వారాలు పిపెట్ పట్టడం, బఫర్లు కలపడం, జెల్ పోయడం నేర్చుకోవడానికే పోతాయి.