లేని హియరింగ్ మీద ఇంత కోపమా?

"విశాఖ తీరంలో రిసార్ట్ కడదామంటే పబ్లిక్ హియరింగ్ పెట్టి, నలుగురు జాలర్ల చేత కేకలు వేయించి ఆపేస్తారు. అందుకే మనం గోవా కాలేకపోయాం." ఈ మెసేజ్ మన గ్రూపులో మళ్లీ వచ్చింది. పంపినవాళ్లంతా బాగా చదువుకున్నవాళ్లే.

అందులోని చిన్న వాదనలు ముందు తేల్చేద్దాం. "అలల నుంచి 500 మీటర్ల దాకా ఇటుక పెట్టనివ్వరు." తీరంలో ఏం కట్టొచ్చో చెప్పే 2019 సీఆర్‌జెడ్ (తీర నియంత్రణ మండలం) నోటిఫికేషన్ ప్రకారం గ్రామీణ తీరంలో కట్టకూడని మేర పోటు గీత (పోటు నీరు చేరే హద్దు) నుంచి 200 మీటర్లు, జనం కిక్కిరిసిన పల్లెల్లో 50. తాత్కాలిక బీచ్ పాకలు (షాక్‌లు), టాయిలెట్లయితే ఆ మేరలోనూ పెట్టుకోవచ్చు. "హోటల్‌కి పొగగొట్టం లేదు, పర్యావరణంతో పనేంటి?" పొగ లేదు సరే, మురుగు ఎటు పోతుంది?

ఇక హియరింగ్, అంటే ప్రజాభిప్రాయ సేకరణ. 2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ భవన నిర్మాణ ప్రాజెక్టులకు అది అక్కర్లేదంది. 20,000 చదరపు మీటర్ల లోపు భవనానికి ఆ నోటిఫికేషన్ కింద అనుమతే అక్కర్లేదు. తీరంలో అయితే సీఆర్‌జెడ్ అనుమతి కావాలి, అంతే. అంటే మీ రిసార్ట్‌ను ఆపేసిన ఆ జాలర్లను ఎవరూ పిలవనే లేదు. పిలవని పేరంటానికి వచ్చి భోజనం చెడగొట్టారని తిడుతున్నారు మీరు.

పోనీ, గనులకో పోర్టులకో నిజంగా జరిగే హియరింగ్‌లో ఏమవుతుంది? 30 రోజుల ముందు పేపర్లో ప్రకటన. కలెక్టరో, అదనపు కలెక్టర్ స్థాయికి తగ్గని అధికారో కూర్చుంటారు. వీడియో తీస్తారు. ఇంతమంది రావాలన్న కోరం లేదు, ఓటింగ్ లేదు. ఊరంతా వద్దన్నా మినిట్స్‌లో రాసుకుని పైకి పంపుతారు. నిర్ణయం పైవాళ్లది. ఈ వీటో పవర్ ఎక్కడ దొరికిందో మెసేజ్ రాసినాయన చెబితే, జాలర్లు కూడా సంతోషిస్తారు.

అయినా వాళ్లు అడిగేదేంటి? పడవ దగ్గరికి దారి, వల ఆరేసుకునే చోటు, బావిలో ఉప్పెక్కని నీళ్లు. బీచ్ రిసార్ట్‌ల నిబంధనల్లోనే ఉన్నాయి: రెండు రిసార్ట్‌ల మధ్య కనీసం 20 మీటర్ల దారి వదలాలి, పోటు గీతకు 200 మీటర్ల లోపు భూగర్భ జలం తోడకూడదు. కంచె వేసి, బోరు దించాక ఎవరొచ్చి కొలుస్తారు?

ఆ మెసేజ్‌లో ఒక్క ముక్క మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం: "ఈఐఏ రిపోర్ట్ రాసే కన్సల్టెంట్‌కి డబ్బిచ్చేది కంపెనీయే, అదంతా తంతు." ఈ వాక్యం వరకు నేనూ ఫార్వర్డ్ చేస్తాను.

చివర్లో రుషికొండ పేరు కూడా ఇరికించారు, జనం గొడవతో ఆగిందని. విశాఖ తీరంలోని ఆ కొండ మీద కొత్తది కట్టడానికి పాత హరిత రిసార్ట్ కూల్చారు, 2021లో కేంద్రం సీఆర్‌జెడ్ అనుమతి ఇచ్చింది. కొండ తవ్వడం మొదలయ్యాకే గొడవ ఎన్జీటీకి (జాతీయ హరిత ట్రిబ్యునల్), హైకోర్టుకి ఎక్కింది. 2022 మేలో ఎన్జీటీ పనులాపమంది. నెల తిరక్కుండానే సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వు పక్కనపెట్టి, పాత కట్టడాలున్న చదును నేల మీద కట్టుకోమంది. ఆగిందంటున్న ఆ భవనాల వీడియోలు 2024 జూన్‌లో ఇదే గ్రూపులో మీరే పంచుకున్నారు.