కేజీల లెక్కన మనశ్శాంతి

బొమ్మలు వేయడం రానివాళ్ళ కోసమే ఒక కళ ఉందంటూ మా అమ్మాయి హైదరాబాదు నుంచి నల్ల పెన్నులు, బుల్లి కాగితాలు పంపింది. దాని పేరు జెంటాంగిల్. అమెరికాలోని మసాచుసెట్స్‌లో రిక్ రాబర్ట్స్, మరియా థామస్ అనే జంట మొదలుపెట్టారట. ఆవిడ అక్షరాలు అందంగా దిద్దే కళాకారిణి, ఆయన ఒకప్పుడు సన్యాసి. సన్యాసం వదిలి సంసారంలోకి వచ్చిన మనిషికి మనశ్శాంతి మీద ధ్యాస ఎందుకు మళ్ళిందో వేరే చెప్పాలా!

నాకూ రక్తపోటు ఉంది. బొమ్మలు రాకపోవడమనే అర్హత అంతకంటే దండిగా ఉంది. బడిలో నేను వేసిన భారతదేశ పటంలో గోదావరి వెళ్ళి అరేబియా సముద్రంలో కలిసింది.

పద్ధతి తేలికే. మూడున్నర అంగుళాల చదరపు కాగితం మీద నాలుగు మూలలా పెన్సిలుతో చుక్కలు పెట్టి, వాటిని కలుపుతూ అంచు గీయాలి. లోపల తోచినట్టు ఒక మెలిక తిప్పాలి. ఆ మెలిక విడదీసిన గదులను పెన్నుతో గీతలు, సున్నాలు, వంపులు వేసి నింపాలి. ఏమి వస్తుందో ముందే అనుకోకూడదు. రబ్బరు ముట్టుకోకూడదు. కాగితానికి పైన, కింద అంటూ ఉండవు. ఆఖరున పెన్సిలుతో నీడలు దిద్ది, ఓ మూల పొడి అక్షరాలు వేసుకోవాలి.

"మెలికల ముగ్గు వేయాలనుకుంటే వాకిలి ఉంది కదా అల్లుడుగారూ" అన్నారు మా అత్తగారు. వినిపించనట్టు ఊరుకున్నాను.

ఆ రోజుల్లోనే పాలకొల్లులోని మా ఇంటి వీధి కిటికీకి గ్రిల్లు మార్చాల్సి వచ్చింది. కొలతలు అప్పటికే తీసుకుపోయిన వెల్డింగు మేస్త్రికి మా ఆవిడ ఫోను చేసి, నమూనా కాగితం అరుగు మీద పెట్టానని చెప్పింది. పెట్టిన మాట నిజమే. నిలువు చువ్వలు, నడుమ ఒక తామరపువ్వు, అంతే. ఆ కాగితాన్ని కాలువ గాలి ఎటో ఎత్తుకుపోయింది. అదే అరుగు మీద నేను వేసిన జెంటాంగిల్ బొమ్మ మాత్రం కళ్ళజోడు పెట్టె కింద భద్రంగా ఉంది.

వారం తిరక్కుండా ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. గ్రిల్లును ఇద్దరు మోయలేక మూడో మనిషిని కేకేశారు.

"ఇంత పని ఎప్పుడూ చేయలేదండి, ఆయ్. నరసాపురం లేసు అల్లినట్టు వచ్చింది" అన్నాడు మేస్త్రి మురిసిపోతూ. "నల్లగా దిద్దిన చోటల్లా రేకు కొట్టాను మాస్టారూ. మూలనున్న అక్షరాలు కూడా వదల్లేదు."

వదల్లేదు. నా పొడి అక్షరాలు ఇనుములో, రెడ్ ఆక్సైడు పూసుకుని, వీధిలోకి చూస్తున్నాయి. బొమ్మ వేస్తున్నప్పుడు పాలబ్బాయి సైకిలు గంట కొడితే పెన్ను జారి ఒక గీత అంచు దాటింది. జారిన గీతను తప్పనకూడదు, అక్కడి నుంచే కొత్త అల్లిక మొదలుపెట్టాలన్నది ఈ కళలో నియమం. మేస్త్రికి ఆ నియమం తెలియదు గానీ, ఆ జారుడును పొల్లు పోకుండా చువ్వతో వంచి, చివర గరుకు తగలకుండా ఆకురాయి పెట్టి మరీ నున్నగా చేశాడు.

"పైభాగం ఏదండీ?" అన్నాడు.

మా ఆవిడ నా వైపు చూసింది. ఎటు పెట్టినా ఒకటేనన్నాను. శాస్త్రం ప్రకారం అదే సమాధానం.

అసలు విషయం చీటీ మీద ఉంది. మా వైపు గ్రిల్లు పని కేజీల లెక్క. తామరపువ్వుకు అనుకున్న డబ్బు నా సున్నాలలో సగానికి కూడా చాలలేదు. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మా కిటికీకి ఆ గౌరవం ఆ సాయంత్రానికే దక్కింది: "ఆ మెలికల కిటికీ ఇంటి పక్కన" అని ఆటోవాళ్ళు గుర్తు చెప్పడం మొదలుపెట్టారు. దాని సందుల్లో దుమ్ము తుడిచే పని ఇంట్లో ఎవరికి పడిందో ఊహించుకోండి.

వెనక వీధి వాళ్ళు ఒకరు తమకూ ఒక నమూనా గీసిపెట్టమని వచ్చారు. నేను ఉత్సాహంగా పెన్ను మూత తీశాను. మా ఆవిడ భుజం మీదుగా వంగి కాగితాన్ని కాసేపు చూసి, "ఇది ఎన్ని కేజీలు తూగుతుందో చెప్పి మరీ ఇవ్వండి" అంది.