ఒకే చూరు, వేరు కుంపట్లు

మొన్న మా ఆఫీసులో ఏకీకరణ మహోత్సవం జరిగింది. మెయిలు, చాటు, హాజరు, సెలవు చీటీ, ఫైళ్లు ఇన్నాళ్లూ ఎవరి మానాన అవి బతికేవి. ఐదింటినీ కలిపి ఒకే డెస్క్‌టాప్ యాప్ చేశారు. అతుకు కనబడదన్నారు. నిజంగానే కనబడలేదు. పాస్‌వర్డు మాత్రం ఐదుసార్లు అడిగింది. ఉమ్మడి కుటుంబంలో గదికో తాళం ఉండకూడదని ఏ శాస్త్రంలో ఉంది కనుక!

ఈ యజ్ఞం ఇవాళ్టిది కాదు. 1990లో మైక్రోసాఫ్ట్ ఓఎల్ఈ (ఆబ్జెక్ట్ లింకింగ్ అండ్ ఎంబెడింగ్) అనే పద్ధతి తెచ్చి, వర్డ్ పత్రంలోకి ఎక్సెల్ పట్టికను ఇల్లరికం తెచ్చుకోవచ్చంది. 1993లో రెండో వెర్షన్‌తో అల్లుడి మర్యాదలు మరీ పెరిగాయి. పట్టిక మీద రెండుసార్లు నొక్కితే చాలు, వర్డ్ మెనూలు లేచి దారిచ్చేవి, ఎక్సెల్ మెనూలు వచ్చి వాటి పీటల మీద కూర్చునేవి. ఇల్లరికం గిట్టనివాళ్లకు లింకు పద్ధతి ఉంది: పట్టిక దాని ఇంట్లోనే ఉంటుంది, పత్రంలో చిరునామా ఉంటుంది. పత్రం మెయిల్లో విశాఖ చేరేది. పట్టిక హైదరాబాదులో, డీ డ్రైవులో, ఎవరూ పిలవలేదని అలిగి ఉండిపోయేది.

ఆపిల్, ఐబీఎం వగైరాలు ఇంకాస్త పెద్ద మనసు చేసుకున్నాయి. వాటి ఓపెన్‌డాక్‌లో పెద్ద ప్రోగ్రాముల పెత్తనమే ఉండదు. పత్రంలో రాతకు ఒకరి ముక్క, బొమ్మకు ఇంకొకరిది, లెక్కకు మరొకరిది. 1997లో ఆపిలే దాన్ని పక్కన పడేసింది. విస్తళ్లు వేశాక పెళ్లి మానేయడమంటే ఇదే.

ఇప్పటి పద్ధతి ఎలక్ట్రాన్. 2013లో, ప్రోగ్రామర్లు కోడు దాచుకునే గిట్‌హబ్ సైటు వాళ్ల ఆటమ్ అనే కోడు ఎడిటర్ కోసం పుట్టింది. వెబ్ పేజీ తీసుకుని, దానికి క్రోమియం బ్రౌజరు మొత్తం చుట్టి, డెస్క్‌టాప్ యాప్ అని పేరు పెట్టాలి. ఆఫీసు చాటుకు వాడే స్లాక్ తన క్రోమియం తాను మోసుకొస్తుంది, కబుర్ల డిస్కార్డ్ తనది, కోడు రాసుకునే వీఎస్ కోడ్ తనది. పక్కింటి నిప్పు అడగడం ఎవరికీ నామోషీ లేని రోజులు పోయాయి. ఒకే చూరు కింద ఎవరి కుంపటి వారిదే, పొగ మాత్రం నా 8 జీబీ ర్యామ్‌ది. చేసేవాళ్లనీ తప్పుపట్టలేం: విండోస్‌కు, మ్యాక్‌కు, లినక్స్‌కు మూడుసార్లు వండే బదులు ఒక్కసారే వండుతున్నారు. మిగిలిన డబ్బుతో నాకు ర్యామ్ కొనిపెడతారని ఎదురుచూస్తున్నాను.

ఇంతకీ వీటన్నిటినీ కలుపుతున్నదెవరు? చాటులో వచ్చిన అంకెను కాపీ చేసి పట్టికలో అతికించేది, పట్టికను ఫొటో తీసి మెయిల్లో పెట్టేది నేనే. కంట్రోల్ సీ, కంట్రోల్ వీ. ఆ ఉద్యోగానికి హోదా, కరువుభత్యం ఇప్పించవలసిందిగా ఏలినవారికి మనవి.

ఈ వ్యాసం కూడా అలాగే కలిపాను. ఫోన్లూ వెబ్‌సైట్లూ చదివే యూనికోడ్‌లో రాసి, మా వీధి డీటీపీ సెంటర్లో పేజ్‌మేకర్ తెరిచి ఉంటే అతికించమన్నాను. అక్కడున్నవి ‘అను’ కంపెనీ పాత ఫాంట్లు, వాటి లిపి లెక్క వేరు. పేజీ నిండా ప్రశ్నార్థకాలు పరుచుకున్నాయి. డీటీపీ కుర్రాడు తల వంచి చూసి, ‘బాగానే కలిసింది సార్, అతుకెక్కడా కనబడట్లేదు’ అన్నాడు.