ముడి వేసి వదిలేయకండి, కొసలు చూడండి

ఈ మాట కొంచెం కోపంగానే రాస్తున్నాను. క్లైంబింగ్ నేర్పేవాళ్లు వాటర్ నాట్, అంటే పట్టీ రెండు కొసలను కలిపే ముడి, ఎలా వేయాలో చూపిస్తారు. అది వాడకంలో జారుతుందని మాత్రం చాలామంది చెప్పరు. నాకూ ఎవరూ చెప్పలేదు.

ఒకరోజు ఉదయం నేనే కట్టుకున్న స్లింగ్ (కొసలు కలిపి వలయంలా చేసిన పట్టీ) మీద రోజంతా బరువు వేస్తూ, తీస్తూ గడిపాను. సాయంత్రం సామాన్లు సర్దుతుంటే ఒక కొస వేలి వెడల్పు కూడా మిగల్లేదు. పొద్దున అది బెత్తెడు ఉంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ముడిలో తప్పేమీ లేదు. ఒక కొసలో వదులుగా ఒంటి ముడి వేసి, రెండో కొసను ఎదురు దిక్కు నుంచి అదే దారి వెంట నడిపించాను. రెండు పట్టీలూ ఎక్కడా మెలిక పడకుండా ఒకదానిమీద ఒకటి పరుచుకున్నాయి. కానీ నైలాన్ పట్టీ నున్నగా ఉంటుంది. బరువు పడి, వదిలి, మళ్లీ పడిన ప్రతిసారీ ముడిలోకి కొస కంటికి కనపడనంత లోపలికి పోతుంది. ఒక్కసారి గట్టిగా లాగి చూస్తే అది తెలియదు. వందలసార్లు బరువు మారితే అప్పుడు తెలుస్తుంది. అందుకే "లాగి చూశాను, గట్టిగానే ఉంది" అని ఎవరైనా అంటే నాకు టెన్షన్ వస్తుంది.

కొసలు కనీసం 3 అంగుళాలు వదలండి. నేనిప్పుడు అంతకంటే ఎక్కువే వదులుతున్నాను. కట్టాక ముడిని చేత్తో సర్ది, ఒంటి బరువంతా వేసి బిగించండి. ఎక్కే ముందు ప్రతిసారీ కొసలు చూడండి. నిన్న చూశాం కదా అంటే కుదరదు. కొసలను టేపుతో చుట్టేసి దాచడం నాకు అస్సలు నచ్చదు. జారుతోందని చెప్పేది ఆ కొస ఒక్కటే, దాన్నే కప్పేస్తే ఎలా?

మూటలకు వేసే మామూలు రెండు చుట్ల ముడితో పట్టీలు కలిపి మనిషి బరువు వేలాడదీసేవాళ్లనీ చూశాను. దయచేసి వద్దు. ఒక పక్కకి లాగితే అది ఊడిపోతుంది. లారీ మీద సరుకు కట్టే పట్టీలకైతే ముడే వేయకూడదు. బకిల్ ఉన్నది అందుకే.

డైనీమా అనే సింథటిక్ నారతో నేసిన, సన్నగా జారుడుగా ఉండే పట్టీతో ఇంకా జాగ్రత్త. అందులో ముడి నిలవదు, పైగా రాపిడి వేడికి అది నైలాన్ కంటే చాలా ముందే కరుగుతుంది. దాన్ని కుట్టి అమ్మే స్లింగ్‌గానే కొనండి. కుట్టిన స్లింగ్ లేబుల్ మీద సాధారణంగా 22 కిలోన్యూటన్లు అని ఉంటుంది, అంటే దాదాపు 2,200 కిలోల బరువు. ముడి వేసిన పట్టీ ఎంత మోస్తుందో చెప్పే లేబుల్ ఉండదు. ముడి పడిన చోట దాని బలంలో మూడో వంతు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పోవచ్చు.

ఆ రోజు కొస జారిన నా స్లింగ్‌ను మర్నాడు పొద్దున విప్పి, కొసలు పొడుగ్గా వదిలి మళ్లీ కట్టాను. ఇప్పుడు నాతో తాడు పంచుకునేవాళ్లు నా ముడి చూస్తారు, నేను వాళ్లది చూస్తాను. నా కొసలు కొలవడానికి ఎవరైనా చెయ్యి చాపితే నేను ఆగి నిలబడతాను.