నడిచే పూలకుండీ

మొక్కలు కదలవని బడిలో పాఠం చెప్పిన మాస్టార్లెవరూ వెనక వాటాలో కాపురం చేసినవాళ్ళు కారు. చేసి ఉంటే ఆ పాఠం చెప్పడానికి నోరు వచ్చేది కాదు. ముందింటివాళ్ళ పెరట్లోంచి వెనకింటికి పోయే మూడడుగుల దారి పక్కన ఓ పూలకుండీ ఉంటుంది. ఎండాకాలంలో అది గోడవార ఒద్దికగా కూర్చుని ఉంటుంది. వానలు మొదలయ్యేసరికి జానెడు ఇవతలికి వస్తుంది. చలికాలానికి దారి నడిమధ్య బాసింపట్టు వేసుకుంటుంది. ఎవరు జరిపారమ్మా అంటే ఎవరూ జరపలేదు. "నీళ్ళు పోసేటప్పుడు కాస్త ఒరిగిందేమో పిన్నిగారూ" అంటుంది ముందింటావిడ. ఒరిగింది సరే, ఒక్కసారైనా గోడ వైపుకి ఒరగదేం?

ఆ కుండీలో ఏముంటుందో కూడా గమనించండి. సన్నజాజి ఉండదు, నందివర్ధనం ఉండదు. కాగితప్పూల మొక్కే ఉంటుంది. పూలు తల్లోకి పనికిరావు, ముళ్ళు మాత్రం కొంగు పట్టుకుంటే వదలవు. దాన్ని పెంచేవాళ్ళకి మొక్కలంటే ప్రేమ అని మనం నమ్మాలి. వెనకింటి ముసలావిడ మోచేతి మీద ఆ ప్రేమ గీతలు గీతలుగా కనిపిస్తూనే ఉంటుంది.

ఇంత చేసినా ముందింటాయన చెడ్డవాడు కాడు, మహా మర్యాదస్తుడు. దారి మాటెత్తితే చాలు, "భలేవారే బాబాయిగారూ, దారిదేముంది, మీ ఇల్లే అనుకోండి" అంటాడు. పాఠకులారా, మనిషి నోట వెలువడే మాటల్లో దీనంత ప్రమాదకరమైనది లేదు. "ఛస్తే అడుగు పెట్టనివ్వను" అన్నవాడితో ఎలాగోలా బతకొచ్చు. "మీ ఇల్లే అనుకోండి" అన్నవాడు కొంప ముంచేశాడన్నమాటే.

ఎలాగంటారా? 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం, అంటే దారిలాంటి అవసరాలకి ఎదుటివాడి నేలని వాడుకునే హక్కుల చట్టం తియ్యండి. అందులో 15వ సెక్షన్. ఎదుటివాడి నేల మీదుగా ప్రశాంతంగా, బాహాటంగా, ఆటంకం లేకుండా, "ఇది నా హక్కు" అన్నట్టుగా 20 ఏళ్ళు నడిస్తే ఆ దారి మీద హక్కు పుడుతుంది. సర్కారు నేలయితే 30 ఏళ్ళు. హక్కు అన్నట్టుగా నడవాలి, అదీ కిటుకు. అనుమతి పుచ్చుకుని నడిస్తే అది హక్కు కాదు, లైసెన్సు. "మీ ఇల్లే అనుకోండి" అన్నాడంటే ఆ అనుమతి ఇచ్చేసినట్టే. లైసెన్సు ఇచ్చినవాడు మామూలుగా ఎప్పుడు కావాలంటే అప్పుడు వెనక్కి లాక్కోవచ్చు. అంటే గేటు దగ్గర ఆగి "వెళ్ళొచ్చా అమ్మా" అని అడిగిన పెద్దమనిషి 60 ఏళ్ళు నడిచినా దక్కేది కాళ్ళనొప్పులే. ఎవర్నీ అడక్కుండా, ఎదురుపడినా పలకరించకుండా, మొహం గంటు పెట్టుకుని 20 ఏళ్ళు నడిచినవాడికి మాత్రం దారి దక్కుతుంది. ఈ విద్య మనకు ఇంగ్లండు నుంచి వచ్చింది. అక్కడి 1832 చట్టంలోనూ దారికి 20 ఏళ్ళ లెక్క ఉంది. బలవంతంగా నడవకూడదు, చాటుగా నడవకూడదు, అడిగి నడవకూడదు అని వాళ్ళు లాటిన్‌లో ముచ్చటగా చెప్పుకుంటారు. మూడోది చూశారా? పిల్లలకి మర్యాదలు నేర్పే తల్లిదండ్రులు ఈ ముక్క గోడకి అంటించుకోవాలి.

మర్యాదస్తుడి ఖర్మ అక్కడితో తీరదు. కుండీ దారికి అడ్డం వచ్చిందనుకోండి. అది అడ్డమని తెలిసి కూడా ఏడాదిపాటు నోరు మూసుకుని ఊరుకుంటే, మీ 20 ఏళ్ళ లెక్కకి గండి పడినట్టే. పోనీలే, ఇరుగుపొరుగు కదా అని సర్దుకుపోయారా, అయిపోయారు. "మా తాతల నాటి దారండీ" అన్నా లాభం లేదు. ఆ 20 ఏళ్ళు దావా వేసే రోజుకి ముందు రెండేళ్ళ లోపు ముగిసి ఉండాలి. అంటే తాతగారు నడిచింది చాలదు, మీరూ నడుస్తూనే ఉండాలి. సరే, ఇంత గొడవెందుకు, మనమే కుండీ ఎత్తి గోడవార పెట్టేద్దాం అంటారా? ఆగండి, 36వ సెక్షన్ ఉంది. అడ్డు పెట్టడం అన్యాయమే అయినా, దారి హక్కున్నవాడు దాన్ని తన చేతులతో తీసెయ్యకూడదు. మట్టికుండీ అది. ఇద్దరు పట్టుకుంటే లేస్తుంది. అయినా సరే, దాన్ని లేపడానికి న్యాయవ్యవస్థ కదలాలి.

కదులుతుంది కూడా. కోర్టువారు ఓ అడ్వకేట్ కమిషనర్ని వేస్తారు, దారి చూసి కొలిచి రిపోర్టు ఇమ్మని. ఆ కమిషనర్ గారు కుండీని చూడడానికి వచ్చే రోజు చూసి తీరాలి. ఉదయం పదకొండింటికి నల్లకోటు వేసుకుని, టేపు పట్టుకుని వస్తాడు. ముందింటివాళ్ళు కుర్చీ వేస్తే కూర్చోడు, వెనకింటివాళ్ళు కాఫీ ఇస్తే తాగడు. నిష్పక్షపాతం. తన సంచీలోంచి నీళ్ళ సీసా తీసి తాగి, టేపు ఒక కొసని వాది లాయరుకి, రెండో కొసని ప్రతివాది లాయరుకి ఇస్తాడు. ఇద్దరూ చెరోవైపు లాగుతారు. గోడ దగ్గరే గొడవ మొదలవుతుంది. గోడంటే ఇటుక నుంచా, సిమెంటు పూత నుంచా? పూత నుంచే అని తేలుతుంది, అభ్యంతరం నమోదవుతుంది. తర్వాత కుండీ. అడుగు కొలవాలా, అంచు కొలవాలా? అడుగు మీదే కదా కూర్చుంది అంటాడు ఒకాయన. మనిషికి తగిలేది అంచు కదా అంటాడు రెండో ఆయన. మరి కొమ్మలో? కొమ్మలు కుండీలో భాగమా, గాలిలో భాగమా? ఈ చర్చ సాగుతుండగా ఆ కొమ్మే కమిషనర్ గారి కోటు పట్టుకుంటుంది. ఇద్దరు లాయర్లూ ఆయన్ని ముళ్ళలోంచి విడిపిస్తారు. ఆ వ్యాజ్యం మొత్తంలో ఉభయపక్షాలూ కలిసి చేసిన పని అదొక్కటే. రిపోర్టులో మాత్రం కోటు సంగతి రాదు. "కుండీ ఒకటి, మట్టిది, అందు సజీవమైన మొక్క కలదు, పూలు గులాబి రంగు" అని వస్తుంది. దాని మీద అభ్యంతరాలు, వాటికి జవాబులు, వాయిదాలు. ఈలోగా సజీవమైన మొక్క కాస్తా మూడడుగులు పెరిగి రిపోర్టును అబద్ధం చేస్తుంది. మళ్ళీ కొలవాలని పిటిషన్.

వెనకింటివాళ్ళందరూ అమాయకులని అనను. కాలినడకకి ఉన్న దారిలో ఇసక ట్రాక్టరు తోలేవాళ్ళు వాళ్ళలోనూ ఉన్నారు. ఒక రకం దారి హక్కులో ఇంకో రకం కలిసి రాదని 28వ సెక్షన్ తేల్చి చెప్పింది. బండి ఇంజను ఆపేసి నెట్టుకుపోతే అది నడకా, బండా అని మాత్రం నన్నడగొద్దు. దాని మీద వాదించే వాళ్ళకి వేరే కాలనీ కట్టించాలి.

కానీ ఆ వెనక వాటాలో చాలాచోట్ల ఎవరుంటారో తెలుసు కదా. అన్నదమ్ములు ఇల్లు పంచుకున్నప్పుడు నోరు లేనివాళ్ళకి వెళ్ళేది వెనక వాటాయే. అన్న పోయాక మిగిలిన వదిన. అర్ధరాత్రి ఆవిడకి ఊపిరాడక అంబులెన్స్ వస్తే, స్ట్రెచర్ కుండీ దగ్గర తిరగదు. దుప్పట్లో మూట కట్టినట్టు ఆ మనిషిని మోసుకెళ్తారు. ముందు వరండాలో లైటు వెలుగుతుంది. ముందింటాయన బయటికొస్తాడు, సొంత మరిదే, లుంగీ సర్దుకుంటూ చూస్తాడు. కుండీ కాస్త తియ్యవయ్యా అని ఎవరో అరిస్తే "కేసు నడుస్తోంది కదండీ, ముట్టుకోకూడదు" అంటాడు. ముట్టుకోకూడదట! పెట్టడానికి ఆ చేతులే వచ్చాయి, ఆర్నెల్లు రోజుకింత జరపడానికి ఆ చేతులే వచ్చాయి. చట్టం చెయ్యి కట్టేసింది వదినదిరా, నీది కాదు. పెట్టినవాడు తీసెయ్యకూడదని ఏ సెక్షనూ చెప్పలేదు. మూడడుగుల నేల. పోయేటప్పుడు భుజానేసుకుని పోతావా దాన్ని? ఆవిడ ముళ్ళు గీరుకుంటూ పోతుంటే నిలబడి చూసిన కళ్ళకి సిగ్గుండక్కర్లేదూ?

సరే, కేసు సంగతి. అన్నేళ్ళ తర్వాత డిక్రీ వచ్చింది, కుండీ తొలగించాలని. ముందింటాయన కోర్టంటే గౌరవం ఉన్నవాడు, అదే రోజు తొలగించాడు. వారం తిరక్కుండా ఆ చోట సిమెంటు అరుగు లేచింది, దారిన పోయే పెద్దలు కాసేపు కూర్చోవడానికట. డిక్రీ అమలు చేయించమని ఎగ్జిక్యూషన్ పిటిషన్ వేస్తే, డిక్రీలో కుండీ అని ఉందే గానీ అరుగు అని ఎక్కడుందని ఆయన లాయరు కౌంటరు వేశాడు. అరుగు కొలవడానికి కొత్త కమిషనర్ని వేయమని వెనకింటివాళ్ళు అడిగారు. పాతాయన ఆ ఇంటికి మళ్ళీ వెళ్ళనన్నాడట.