మా లెక్కల టీచరమ్మ

మీ అమ్మమ్మగారి గురించి మీరు రాసింది చదువుతుంటే కళ్లు చెమర్చాయమ్మా. మీకు అమ్మమ్మ, మాకు లెక్కల టీచరమ్మ. నాలుగు కంటే ఎనిమిది పెద్దది కదా, మరి 1/4 కంటే 1/8 చిన్నదెలా అవుతుందని నేను మొండిగా వాదిస్తే కోప్పడలేదు. కాగితం చేతికిచ్చి సగానికి మడవమన్నారు, మళ్లీ సగానికి, ఇంకోసారి. విప్పితే 8 గళ్లు. ఒక గడి మీద నా వేలు పెట్టించి, "ఇప్పుడు చెప్పు, ఏది పెద్దది?" అన్నారు. భిన్నాలంటే ఉన్న టెన్షన్ ఆ రోజుతో పోయింది. తప్పు లెక్కను ఎప్పుడూ కొట్టేసేవారు కాదు, ఎక్కడ దారి తప్పామో అక్కడ పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టేవారు, అంతే. ఆఖరి రోజుల్లో మీ పేరు మరిచిపోయినా ఎక్కాలు మాత్రం తడుముకోకుండా చెప్పేవారని రాశారే, అక్కడ చాలాసేపు ఆగిపోయాను. నేనూ ఇప్పుడు పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. వాళ్ల నోటుబుక్కుల్లో ఆ చుక్కే పెడుతున్నాను.