బెల్‌వ్యూలో కాపురం, డావెన్‌పోర్ట్‌లో విడాకులు

రాత్రి పదకొండింటికి గుంటూరు నుంచి పిన్ని ఫోన్ చేసింది.

"ఒరేయ్, అబ్బాయి మీ ఊళ్లోనే ఉన్నాడట. మొదటి పెళ్లి విడాకులైపోయాయని చెబుతున్నారు. కాగితం చూపించండంటే ఇవాళ, రేపు అంటున్నారు. నువ్వు కాస్త వాకబు చేసి చెప్పు."

సంబంధం పిన్ని ఆడపడుచు కూతురికి. ఆ అమ్మాయికీ ఇది రెండో పెళ్లే. ఆమె డిక్రీ, అంటే విడాకుల తీర్పు కాగితం, మాత్రం ఫ్యామిలీ కోర్టు ముద్రతో సహా బీరువాలో భద్రంగా ఉంది. అందుకే అవతలివాళ్ల కాగితం కనబడకపోవడం పిన్నికి టెన్షన్.

నేనుండేది సియాటిల్ పక్కన బెల్‌వ్యూలో. మాది కింగ్ కౌంటీ. కౌంటీ అంటే మన జిల్లా లాంటిదే అనుకోండి. వాషింగ్టన్ రాష్ట్రంలో విడాకుల కేసులు ఏ కౌంటీకి ఆ కౌంటీ సుపీరియర్ కోర్టులో నడుస్తాయి, ఫైళ్లు ఆ కోర్టు క్లర్కు దగ్గర ఉంటాయి. జీతాలు, బ్యాంకు వివరాలు, వైద్యం తాలూకు కాగితాలు మూసిన కవర్లో పెడతారు కానీ, మిగతాది చాలావరకు ఎవరైనా అడిగి చూడొచ్చు. ఇంకొకరి కాపురం కాగితాలు వెతకడానికి మనసు పీకింది. అయినా పిన్ని మాట కాదనలేక ల్యాప్‌టాప్ తెరిచాను.

పేరు కొట్టాను. ఏమీ రాలేదు. ఇంటిపేరు ముందు పెట్టి, వెనక పెట్టి, చివర్లో ఉన్న 'కుమార్' తీసేసి, కలిపేసి చూశాను. మన పేర్లతో ఇక్కడ ఇదొక తంటా. పాస్‌పోర్టులో ఇంటిపేరూ సొంత పేరూ తారుమారై ఉంటాయి. కొందరికైతే సొంత పేరు గడి ఖాళీగా ఉండి, 'పేరు తెలియదు' అన్న అర్థమొచ్చే మూడక్షరాలు వీసా మీద పడతాయి. ఒకే లక్ష్మి ఒక కాగితంలో ఎక్స్‌తోనూ, ఇంకో కాగితంలో కె ఎస్ హెచ్‌తోనూ ఉంటుంది. అన్ని రకాలుగా కొట్టినా కింగ్ కౌంటీలో ఏమీ లేదు. "ఇక్కడ కేసే లేదు పిన్నీ" అని మెసేజ్ టైపు చేసి, పంపబోయి ఆగాను. ఆగడం మంచిదైంది. కేసు ఉంది. బెల్‌వ్యూలో కాపురం చేసిన ఆ ఇద్దరూ విడాకులు తీసుకున్నది రాష్ట్రంలో తూర్పు వైపున ఉన్న లింకన్ కౌంటీలో.

ఆ కౌంటీ పేరు ఇక్కడున్న మనవాళ్లలో చాలామంది విని ఉండరు. మొత్తం జనాభా దాదాపు 11 వేలే. మన దగ్గర ఒక మామూలు మండలంలో ఇంతకు నాలుగైదు రెట్లుంటారు. కౌంటీ కేంద్రం డావెన్‌పోర్ట్, స్పొకేన్ నగరానికి పడమర దిక్కున, చుట్టూ గోధుమ పొలాలు. ఊళ్లో 2 వేల మంది కూడా లేరు. బెల్‌వ్యూ నుంచి కారులో నాలుగు గంటల దారి. అయినా అక్కడ విడాకులు తీసుకునేవాళ్లలో చాలామంది ఆ ఊరు మొహం చూడరు. కాగితాలే వెళ్తాయి, పోస్టులో.

పద్ధతి సింపుల్. ఇద్దరూ కలిసి సంతకాలు చేసిన పిటిషన్, ఆస్తులూ అప్పులూ ఎవరికేది అన్న ఒప్పందం, పిల్లలుంటే వాళ్లు ఎవరి దగ్గర ఎన్ని రోజులుండాలి, ఖర్చెవరెంత పెట్టుకోవాలి అన్న ఫారాలు, 300 డాలర్ల పైచిలుకు కోర్టు ఫీజు. ఇవన్నీ కవర్లో పెట్టి పంపాలి. రాష్ట్ర చట్టం ప్రకారం 90 రోజులు ఆగాలి. ఆ తర్వాత జడ్జి కాగితాలు చూసి, అన్నీ సరిగ్గా ఉంటే డిక్రీ మీద సంతకం పెడతారు. కోర్టు మెట్లెక్కే పనుండదు. మొగుడూ పెళ్లాలిద్దరూ ఒప్పుకుంటే రాష్ట్రంలో ఏ మూల ఉన్నవాళ్లయినా ఇలా పంపుకోవచ్చు. ఏళ్లుగా ఈ పోస్టు విడాకులకు పేరుపడ్డవి రెండే కౌంటీలు: లింకన్, పసిఫిక్ తీరం వైపు దాదాపు నాలుగున్నర వేల జనాభా ఉన్న వాకయాకమ్. గొడవ పడేవాళ్లకు ఈ దారి లేదు. వాళ్లు తమ కౌంటీ కోర్టులోనే తేల్చుకోవాలి.

చిన్న ఊళ్లకు విడాకులు ఆదాయమవడం అమెరికాలో కొత్తేమీ కాదు. నెవాడా రాష్ట్రం 1931లో ఆరు వారాలు ఉంటే చాలు, విడాకులిస్తాం అంది. అప్పట్లో న్యూయార్క్‌లో విడాకులు కావాలంటే భర్తో భార్యో వ్యభిచారం చేసినట్టు రుజువు చేయాలి, ఆ నిబంధన 1967 దాకా మారలేదు. దాంతో డబ్బున్న ఆడవాళ్లు రైలెక్కి రీనో ఊరికి వచ్చేవాళ్లు. ఊరి చుట్టుపక్కల పశువులు పెంచే రాంచ్‌లే వాళ్లకు విడిది గృహాలయ్యాయి. ఆరు వారాలు గుర్రపు స్వారీ చేసుకుంటూ గడిపితే, చివర్లో ఆ ఇంటి యజమానురాలే కోర్టుకొచ్చి "ఈవిడ ఇన్నాళ్లూ మా ఇంట్లోనే ఉంది" అని సాక్ష్యం చెప్పేది. లింకన్ కౌంటీకి ఆ హంగామా అక్కర్లేదు. గుర్రం బదులు పోస్టల్ కవరు. ఫీజులో కొంత రాష్ట్రానికి, కొంత కౌంటీకి.

ఈ ఏర్పాటును నేను తప్పుపట్టను. పిల్లల్లేక, గొడవల్లేక, ఇక కలిసి ఉండలేమని తేల్చుకున్న ఇద్దరు మనుషులు లాయరు ముందు కూర్చుని గంటకు వందల డాలర్లు పోయాల్సిన అవసరం లేదు. నేను భయపడేది దాని తేలికను చూసి. ఆన్‌లైన్లో సినిమా టికెట్టు బుక్ చేసుకున్నంత తేలిగ్గా అయిపోయే పనిని మనవాళ్లు అంత తేలిగ్గానే తీసుకుంటారు. కానీ మన పెళ్లి ఒక దేశంతో అయిపోయేది కాదు. పెళ్లి గుంటూరులో, కాపురం బెల్‌వ్యూలో, ప్లాటు శంషాబాద్ దగ్గర, వీసా ఒకరి కంపెనీ చేతిలో. ఈ నాలుగింటి సంగతీ డావెన్‌పోర్ట్ క్లర్కుకి తెలియదు. తెలిసినా చెప్పకూడదు, కోర్టు సిబ్బంది న్యాయ సలహా ఇవ్వరాదు.

ముందు వీసా సంగతి. భర్త ఉద్యోగ వీసా హెచ్1బి మీద, భార్య దాని మీద ఆధారపడ్డ హెచ్4 మీద ఉన్నారనుకోండి. విడాకులు ఖాయమైన రోజుతో ఆమె హెచ్4కి ఆధారం పోతుంది. ఉద్యోగం పోయిన హెచ్1బి మనిషికి 60 రోజుల దాకా గడువుంటుంది. మొగుడు పోయిన, అంటే విడాకులిచ్చిన, హెచ్4 మనిషికి ఆ గడువు కూడా లేదు. హెచ్4 మీద వచ్చిన వర్క్ పర్మిట్ కూడా దాంతోపాటే పోతుంది. 90 రోజులు ఆగడం భర్తకు విసుగు, భార్యకు అదే ఆధారం. ఆ లోపు వేరే స్టేటస్‌కి మారడానికి దరఖాస్తు పెట్టుకోకపోతే సంతకం పెట్టిన కలంతోనే తన ఉనికిని తను కొట్టేసుకున్నట్టు. "మ్యూచువలే కదా, పెట్టెయ్" అని వంటింటి గట్టు మీద కాగితాలు పెట్టి సంతకం చేయించుకున్న ఉదంతం ఒకటి నాకు తెలుసు. ఆమె అప్పటికి ఆ ఫారంలో ఆస్తి పేజీ కూడా చదవలేదు. వాషింగ్టన్‌లో పెళ్లయ్యాక సంపాదించింది ఎవరి పేరున ఉన్నా ఇద్దరిదీ అనే చట్టం ఉందని ఆమెకు చెప్పినవాళ్లు లేరు. భర్త కంపెనీ షేర్లు, 401కె అనే రిటైర్మెంట్ పొదుపు ఆ ఒప్పందంలో ఎక్కడా లేవు. అడగనిదాన్ని కోర్టు తనంతట తాను వెతికి ఇవ్వదు.

ఇక ఇండియా సంగతి. ఇక్కడి డిక్రీ అక్కడ చెల్లుతుందా అన్న ప్రశ్నకు సుప్రీంకోర్టు 1991లోనే జవాబు చెప్పింది. అది మన తెలుగు దంపతుల కేసే. 1975లో తిరుపతిలో పెళ్లయింది. భర్త అమెరికా వచ్చి మిస్సోరి రాష్ట్రంలో సెయింట్ లూయిస్ కౌంటీ కోర్టు నుంచి 1980లో విడాకులు తెచ్చుకున్నాడు. భార్య ఆ కోర్టు ముందుకు రాలేదు. 1981లో యాదగిరిగుట్టలో ఇంకో పెళ్లి చేసుకున్నాడు. మొదటి భార్య రెండో పెళ్లి నేరమంటూ కేసు పెట్టింది. మేజిస్ట్రేటు ఆ అమెరికా డిక్రీ చూసి ఆయన్ని వదిలేశారు. ఏ డిక్రీ? జెరాక్స్ కాపీ. హైకోర్టు అది చెల్లదంది, సుప్రీంకోర్టు ఔనంది. ఫోటోకాపీ సాక్ష్యం కాదు, సర్టిఫైడ్ కాపీ ఉండాలి. దాంతో ఆగకుండా అసలు ఆ డిక్రీయే మన దగ్గర నిలవదంది. మిస్సోరిలో 90 రోజుల నివాసం పేరుకు మాత్రమే. 'బంధం బాగుపడనంతగా చెడిపోయింది' అన్న కారణం హిందూ వివాహ చట్టంలో లేదు. ఈ రెండో మాట ఇప్పటికీ చట్టంలోకి రాలేదు. 2023లో రాజ్యాంగ ధర్మాసనం ఆ కారణంతో విడాకులిచ్చే అధికారం 142వ అధికరణ కింద సుప్రీంకోర్టుకు ఉందంది, కింది కోర్టులకు కాదు. వాషింగ్టన్ రాష్ట్రం విడాకులిచ్చేది మాత్రం 1973 నుంచీ సరిగ్గా ఈ ఒక్క కారణం మీదే.

అలాగైతే లింకన్ కౌంటీ డిక్రీ పనికిరానిదా? ఇక్కడే కేసులో చాలామంది చదవకుండా వదిలేసే భాగం ఉంది. అదే 1991 తీర్పులో సుప్రీంకోర్టు మూడు మినహాయింపులిచ్చింది. మూడోది, అవతలి మనిషి ఆ విడాకులకు ఒప్పుకుని ఉండటం. ఇద్దరూ సంతకం చేసి పోస్టులో పంపిన పిటిషన్ అంటే ఆ ఒప్పుకోలుకు అంతకన్నా రుజువు ఏం కావాలి? పెద్ద నగరంలో ఖరీదైన లాయరుని పెట్టుకుని, ఒంగోల్లో ఉన్న భార్యకు నోటీసు పంపి, ఆమె రాలేదని ఎక్స్‌పార్టీగా తెచ్చుకున్న డిక్రీ కన్నా, గోధుమ పొలాల మధ్య కోర్టు నుంచి వచ్చిన ఈ జంట సంతకాల డిక్రీకే ఇండియాలో నిలబడే అవకాశం ఎక్కువ. ఆ సంతకం ఆమె తెలిసి పెట్టిందై ఉండాలి, అంతే. మోసంతో తెచ్చిన తీర్పును సివిల్ ప్రొసీజర్ కోడ్ 13వ సెక్షన్ గుర్తించదు. ప్లాటు సంగతి మళ్లీ వేరే. డావెన్‌పోర్ట్ జడ్జి రాసిన మాట మీద శంషాబాద్ సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో పేరు మారదు. దానికి విడిగా దస్తావేజు రాసుకోవాలి.

మళ్లీ పిన్ని కాగితం దగ్గరికొస్తాను. కింగ్ కౌంటీలో లేకపోతే ఏం చేయాలి? రాష్ట్ర కోర్టుల వెబ్‌సైట్లో అన్ని కౌంటీలకూ కలిపి పేరుతో వెతకొచ్చు. నాకు దొరికింది అక్కడే, ఇంటిపేరు రెండు ముక్కలుగా విడగొట్టి కొడితే. అది కాకపోతే రాష్ట్ర ఆరోగ్య శాఖ ఉంది. 1968 నుంచి జరిగిన విడాకుల వివరాలు వాళ్ల దగ్గరుంటాయి, సర్టిఫికెట్ ఇస్తారు. కాకపోతే అది విడాకులు జరిగాయని చెప్పే కాగితమే. ఎవరికేం రాసిచ్చారో అందులో ఉండదు. రెండో పెళ్లి చేసుకున్న భార్యకు గ్రీన్ కార్డు పెట్టేటప్పుడు మొదటి పెళ్లి ముగిసిందని రుజువు అడుగుతారు. అప్పుడు కోర్టు డిక్రీ చేతిలో ఉంటే నిశ్చింత. ఇండియాలో చూపించాలంటే అదీ సర్టిఫైడ్ కాపీయే, పైన పరాయి దేశంలో చెల్లడానికి రాష్ట్ర ప్రభుత్వం వేసే అపొస్టిల్ ముద్రతో. ఇండియా 2005 నుంచి ఆ ముద్రను ఒప్పుకుంటోంది.

మనవైపు ఈ వెతుకులాట ఇంకా కష్టం. పెద్దమనుషుల ముందు స్టాంపు పేపర్ మీద రాసుకున్న విడాకులు ఇప్పటికీ ఊళ్లలో చూస్తున్నాం. కులాచారం ఉందని రుజువు చేయగలిగితే తప్ప అవి కోర్టులో నిలవవు. కోర్టులో తీసుకున్నవాళ్లకు కూడా ఓ.పి. నంబరు, అంటే కేసు నంబరు, గుర్తులేకపోతే పాత ఫైలు ఏ బస్తాలో ఉందో చెప్పే దిక్కుండదు. తెలంగాణలో 2022లో జిల్లా కోర్టులు 33కి పెరిగాక, పాత జిల్లాలో అయిన కేసు కాగితం ఇప్పుడు ఏ కోర్టులో అడగాలన్నదే మొదటి ప్రశ్న.

డావెన్‌పోర్ట్‌లో ఆ ఇబ్బంది కనబడలేదు. అబ్బాయికి నేనే ఫోన్ చేసి విషయం చెప్పాను. ముందు ఇబ్బంది పడ్డాడు, తర్వాత తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. అతను దాచిందేమీ లేదు. డిక్రీ వచ్చిన రోజు ఫోన్లో ఫోటో తీసుకున్నాడు. ఆ ఫోన్ మార్చాడు, అసలు కాగితం ఇల్లు మారినప్పుడు పోయింది, ఇప్పుడు ఎవరిని అడగాలో తెలియదు. నేను స్పీకర్లో పెట్టి కౌంటీ క్లర్కు ఆఫీసుకి కలిపాను. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి లేదు. మూడో రింగుకి మనిషే ఎత్తింది. కేసు నంబరు చెప్పగానే కీబోర్డు చప్పుడు, పేజీలు ఎన్నో లెక్క. సర్టిఫైడ్ కాపీ మొదటి పేజీకి 5 డాలర్లు, ఆపైన పేజీకి ఒక డాలరు.

వారంలో కవరు వచ్చింది. ముద్ర వేలికి తగులుతోంది. స్కాన్ చేసి అతనే పిన్నికి పంపాడు. మర్నాడు పిన్ని ఫోన్.

"మొత్తం చదివించానురా. తప్పెవరిదో ఎక్కడా రాయలేదేం?"

"రాయరు పిన్నీ. ఇక్కడ అది అడగరు."

"మరి ఇన్ని పేజీలు ఏం రాశారు?"

"కారెవరిదో, క్రెడిట్ కార్డు అప్పు ఎవరిదో రాశారు."